పోస్టుకి తగిలిన బంతి

ఇతరుల తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. గొప్పకి చెప్పడం లేదు, నాకు జీతం ఇచ్చేది అందుకే. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు రాస్తారు, నేను దాన్ని నానా రకాలుగా విరగ్గొట్టి చూస్తాను. సరేనని నేను ఒప్పుకుంటే గానీ అది బయటికి వెళ్లదు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తుండడంతో ఇంట్లో కూడా నా చూపు అలాగే తయారైంది. కూరలో ఉప్పు తగ్గితే తినడం మానను గానీ చెప్పడం కూడా మానను. "ఏమండీ, ఇది ఆఫీసు కాదు, నా వంటకి బగ్ రిపోర్ట్ రాయక్కర్లేదు" అంటుంది మా ఆవిడ. ఆమెది గుంటూరు, నాది వరంగల్. మా ఇంట్లో ఏ గొడవైనా రెండు యాసల్లో తేలాలి.

అలాంటి నేను ఒక తప్పు చేశాను. నలుగురికీ చెప్పుకునే తప్పు కాదు, అలాగని దాచుకోబుద్ధి కూడా కావడం లేదు.

మేము ఉండేది చికాగో పక్కన నేపర్‌విల్‌లో. ఎదురింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటారు. ఈ సంగతి జరిగేనాటికి ఎనభై నాలుగేళ్లు. హైస్కూల్లో పిల్లలకి వడ్రంగం నేర్పి రిటైరయ్యారు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. మేము ఈ ఇంట్లోకి వచ్చిన తొమ్మిదేళ్లలో మొదటి ఆరేళ్లు మా పరిచయం చేతులూపుకోవడం దాకానే. చలికాలంలో ఆయన మంచు తోసుకుంటుంటే నేను వెళ్లి సాయం చేయబోయేవాణ్ని, ఆయన వద్దనేవారు, నేను తిరిగి వచ్చేవాణ్ని.

ఒక ఏప్రిల్ సాయంత్రం మా అమ్మాయితో డ్రైవ్‌వేలో క్రికెట్ ఆడుతున్నాను. చెత్త డబ్బానే మా వికెట్లు. పెద్దాయన ఉత్తరాల డబ్బా దగ్గర నిలబడి చాలాసేపు చూసి, రోడ్డు దాటి వచ్చారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. నాకు గుర్తున్న మేరకు తెలుగులో రాస్తున్నాను.

"మా అమ్మ వాళ్ల నాన్నది ఆస్ట్రేలియా" అన్నారు.

"అయితే ఆయన కూడా క్రికెట్ ఆడేవారా?" అన్నాను, మనవాడు దొరికాడన్న ఉత్సాహంతో.

"కాదు. ఫుట్‌బాల్. మన ఫుట్‌బాల్ కాదు, వాళ్ల ఫుట్‌బాల్. ఆ ఆట పుట్టిన కొత్తలో ఆడినవాళ్లలో ఒకడు."

ఆయన "మన ఫుట్‌బాల్" అన్నది అమెరికా ఫుట్‌బాల్ గురించి. అందులో నన్నూ కలుపుకున్నారు. నేను కాదనలేదు.

ఆ ఆట సంగతి ఆయన చెబితేనే నాకు తెలిసింది. క్రికెట్ గ్రౌండంత గుండ్రటి మైదానం. కోడిగుడ్డు ఆకారంలో బంతి. ఎగిరి చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. మైదానానికి రెండు కొసల్లోనూ వరసగా నాలుగేసి స్తంభాలు, అంటే పోస్టులు, ఉంటాయి. మధ్య రెండూ పొడుగువి, అటూ ఇటూ ఉన్నవి పొట్టివి. పొడుగు వాటి మధ్య నుంచి బంతి వెళ్తే గోల్. పొడుగుదానికీ పొట్టిదానికీ మధ్య నుంచి వెళ్లినా, పొడుగు స్తంభానికి తగిలినా దాన్ని బిహైండ్ అంటారు. గోల్‌కి ఆరు పాయింట్లు, బిహైండ్‌కి ఒకటి. ఇది ఇప్పటి లెక్క. "ఇప్పటి" అన్న మాట ఆ రోజు ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

తర్వాతి శనివారం ఆయన ఇంటికి పిలిచి ఒక బిస్కెట్ డబ్బా తెరిచారు. రేకు డబ్బా, మూత మీద బొమ్మ చెరిగిపోయింది. లోపల ఒక పాత నోటుపుస్తకం, దాని నిండా అతికించిన పేపర్ ముక్కలు. తాత అమెరికాకి ఓడెక్కినప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి అదేనట.

నేను ఆ పుస్తకాన్ని రెండు గంటలు తిరగేశాను. ఆ మనిషి ఆట జీవితమంతా అందులో ఉంది. తోళ్లు పదును చేసే కార్ఖానాలో కూలీ. శనివారం ఒక పూట సెలవు, ఆ పూటే ఆట. మొదటి ముక్కలో జట్టులో ఇరవై మంది పేర్లుంటే అతనిది చిట్టచివరిది. ఏడాది తిరిగేసరికి మధ్యలోకి వచ్చింది. తర్వాత్తర్వాత పేరొక్కటే కాకుండా పేరు పక్కన ఒక మాట, ఒక వాక్యం రాయడం మొదలైంది. వీపు మీద నంబర్లు లేని రోజులవి. చూసేవాళ్లు మనిషిని టోపీని బట్టో నడకను బట్టో గుర్తుపట్టేవాళ్లు. ఇతన్ని మడమను బట్టి గుర్తుపట్టేవాళ్లట. గోల్‌కి తన్నే ముందు మడమతో నేలలో చిన్న గుంట చేసి, అందులో బంతిని నిలబెట్టి, వెనక్కి నడిచి, పరుగెత్తుకొచ్చి తన్నేవాడు. ఒకసారి భుజం ఎముక విరిగితే చెయ్యి ఒంటికి కట్టుకుని మిగతా ఆట ఆడాడు. చివరి ఏడాది కెప్టెన్ కూడా అయ్యాడు.

ఆ తర్వాతి పేజీలో ముక్క లేదు. ఎండిపోయిన జిగురు మరకలు మాత్రం ఉన్నాయి.

"అది మా అమ్మమ్మ చింపేసింది" అన్నారు పెద్దాయన.

ఆ చింపేసిన ముక్క ఏ మ్యాచ్‌దో ఇంటిల్లిపాదికీ తెలుసు. కప్పు తేలే చివరి ఆట. గెలిస్తే కప్పు తాత జట్టుకి, సమానంగా ముగిసినా అవతలి జట్టుకి. ఆఖరి క్షణంలో బంతి తాత చేతికొచ్చింది. గుంట చేశాడు, బంతి పెట్టాడు, తన్నాడు. అది పొడుగు స్తంభానికి తగిలి బయటికి పోయింది. మర్నాడు కార్ఖానాలో ఎవరూ అతనితో మాట్లాడలేదట. తర్వాత కొన్నాళ్లకే భార్యతో ఓడెక్కాడు, ఇక్కడికొచ్చి రైల్వేలో బొగ్గు పనికి చేరాడు. ఇల్లినాయ్‌లో మంచు పడ్డప్పుడల్లా అమ్మమ్మ ఒకటే మాట అనేదట, ఆ బంతి లోపలికి పోయి ఉంటే మనకి ఈ గతి పట్టేదా అని. ఆ మాట వింటూ పెరిగిన పెద్దాయన తల్లి తన పిల్లలకి చెప్పిందీ అదే. మీ తాత కప్పు పోగొట్టిన మనిషి.

"తాత పోయేనాటికి నాకు రెండేళ్లు. మొహం కూడా గుర్తులేదు" అన్నారు పెద్దాయన. "మా అక్కకి తొంభై రెండు. మేమిద్దరం పోతే ఆయన ఆడాడని తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఉండరు. సమాధి రాయి మీద పేరూ, పుట్టిన, పోయిన సంవత్సరాలూ తప్ప ఏమీ లేవు. ఒక వాక్యం చెక్కించాలని నా కోరిక. కానీ ఆ రోజు నిజంగా ఏం జరిగిందో తెలియకుండా ఏం చెక్కించను?"

నేను వెతికిపెడతానన్నాను. ఎందుకన్నానంటే, నాకు అది తేలికైన పనిగా కనిపించింది.

ఆ దేశపు పాత పత్రికలన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు, ఎవరైనా చూడొచ్చు. రైల్లో చికాగో వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేవాణ్ని. అక్షరాలు ఆవగింజలంత, వ్యాసాలు గజాల పొడుగు. మెషీన్ చదివి పెట్టిన పాఠమంతా గజిబిజి, ఒక మాటకి ఒక మాట అతకదు. అంకెలు మాత్రం బాగానే పట్టింది. ఇంకేముంది, నా బుద్ధి పోనిచ్చుకోలేదు. ఆ జట్టు ఆడిన ప్రతి మ్యాచ్ స్కోరూ లాగే చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఒక షీట్‌లో గోల్స్ ఒక గడిలో, బిహైండ్స్ ఒక గడిలో పడ్డాయి. ఆ పక్కన గోల్స్‌ని ఆరుతో హెచ్చవేసి, దానికి బిహైండ్స్ కలిపే ఫార్ములా. ఆ పక్కన గెలుపా, ఓటమా అన్నది.

చివరి ఆట వరస దగ్గరికి వచ్చాను. రెండు జట్లకీ గోల్స్ సమానం. తాత జట్టుకి బిహైండ్స్ ఒకటి ఎక్కువ. అంటే స్తంభానికి తగిలిన ఆ బంతికి ఒక పాయింటు వచ్చింది. ఆ ఒక్క పాయింటుతో వాళ్లే గెలిచారు. గడిలో ఆకుపచ్చ రంగులో గెలుపు అని పడింది.

ఒక కుటుంబం మూడు తరాలుగా తప్పు మోసుకు తిరుగుతోందనీ, దాన్ని నేను పట్టుకున్నాననీ అనుకున్నాను. నా ఉద్యోగంలో ఇంత ఆనందం ఎప్పుడూ కలగలేదు, ఒప్పుకుంటున్నాను.

ప్రింట్ తీసుకుని ఎదురింటికి వెళ్లాను. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూశారు. వేలు ఆ ఆకుపచ్చ గడి మీదే పెట్టి ఉంచారు. అప్పటికప్పుడు వృద్ధుల కేర్ హోమ్‌లో ఉన్న అక్కకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు.

"తాత గెలిచాడే! ఓడిపోలేదు, గెలిచాడు!"

అటు నుంచి సన్నటి గొంతు, "ఎంత తేడాతో?" అంది.

"ఒక్క పాయింటు! ఆ స్తంభానికి తగిలిందే, దానికి ఒకటి!"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, ఎవరో నీళ్లిచ్చిన చప్పుడు వినిపించింది. "ఎవరు లెక్కపెట్టారు?" అంది ఆఖరికి. "ఎదురింటి ఇండియన్ కుర్రాడు, కంప్యూటర్‌తో" అన్నారు ఈయన. నాకు నలభై ఏడు. ఫోన్ పెట్టేసి పెద్దాయన నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఆ వారమే రాయి చెక్కేవాడికి వాక్యం పంపించారు. చివరి తన్నుతో జట్టును గెలిపించినవాడు, అని. నేల గట్టిపడ్డాక మే నెలలో వచ్చి చెక్కుతానన్నాడు అతను.

రెండు వారాలు నేను కాలు నేలన పెట్టలేదు. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర చెప్పాను, టెక్సాస్ ఫ్రిస్కోలో ఉన్న తమ్ముడికి చెప్పాను, గుళ్లో కలిసిన అంకుల్స్‌కి చెప్పాను. మా ఆవిడకైతే నాలుగోసారి చెబుతున్నాను, ఒక ఆదివారం పొద్దున, ఆమె దోసె తిప్పుతోంది.

"సరేగానీ, పేపర్లో ఏం రాశారండీ? గెలిచారనే రాశారా?" అంది.

"స్కోర్ ఉంది కదా. చూస్తె తెలుస్తలేదా?"

"స్కోర్ సంగతి కాదు. చదివారా అంటున్నాను. ఆ రోజు అక్కడున్నవాళ్లు గెలిచామనుకున్నారా, లేదా? గెలిస్తే కప్పు చేతిలో పెట్టుకుని మర్నాడు మాట్లాడకుండా ఎందుకుంటారు?"

"గది... మొత్తం ఫాంట్ చిన్నగ ఉన్నది, మెషీన్ సరిగ చదవలే."

"మెషీన్ చదవకపోతే మీరు చదవొచ్చుగా. కళ్లున్నాయిగా, కళ్లజోడు కూడా ఉందిగా."

దోసె నోట్లోకి పోలేదు. పైకెళ్లి తలుపేసుకుని ఆ పేజీ బొమ్మను పెద్దది చేసుకుని, వాక్యం తర్వాత వాక్యం చదివాను. మూడు గంటలు పట్టింది. విలేఖరి చాలా స్పష్టంగానే రాశాడు. గోల్స్ సమానం కాబట్టి ఆట ఎవరిదీ కాదు, కప్పు అవతలివాళ్లది. బిహైండ్స్ గురించి విడిగా వెతికితే ఇంకో చోట దొరికింది. ఆ రోజుల్లో వాటిని వాడుక కొద్దీ రాసి పెట్టేవాళ్లు, అంతే. గెలుపోటములకి గోల్స్ ఒక్కటే చూసేవాళ్లు. బిహైండ్‌కి ఒక పాయింటు ఇవ్వడం ఆ తర్వాత వచ్చిన పద్ధతి.

రాస్తారు, లెక్కలోకి తీసుకోరు. గ్రీన్ కార్డ్ క్యూలో పదహారేళ్లుగా ఉన్నవాడికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అయినా నాకు తట్టలేదు.

మా టెస్టర్లలో కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఒకటుంది. పాత డేటాని కొత్త రూలుతో లెక్కకట్టకండి, ఆ రోజు ఏ రూలు నడిచిందో ముందు చూడండి, అని. ఏటా చెబుతాను. బోర్డు మీద రాసి మరీ చెబుతాను. నామీద నాకే ఎంత కోపం వచ్చిందంటే, ల్యాప్‌టాప్ మూత గట్టిగా వేసిన చప్పుడుకి కింద నుంచి మా అమ్మాయి, "నాన్నా, ఆర్ యూ ఓకే? ఏం పడింది?" అని అరిచింది. ఏం లేదన్నాను.

మూడు రోజులు చెప్పలేకపోయాను. పొద్దున కారు తీసేటప్పుడు ఎదురింటి వైపు చూడకుండా తీశాను. రైల్లో కూర్చుని ఎలా మొదలుపెట్టాలో మాటలు కూర్చుకున్నాను, దిగేటప్పటికి చెడగొట్టుకున్నాను. చెప్పకుండా ఉంటే ఎవరికి నష్టం అన్న ఆలోచన కూడా వచ్చింది, దాచను. తెలిసినవాళ్లెవరూ బతికి లేరు, తెలియనివాళ్లకి పట్టింపు లేదు. కానీ ఆ వాక్యం రాయి మీదికి ఎక్కబోతోంది. స్క్రీన్ మీద తప్పయితే రాత్రికి రాత్రి సరిచేస్తాం, రాయి మీద తప్పుని ఏం చేస్తాం?

బుధవారం సాయంత్రం వెళ్లి చెప్పేశాను. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. పెద్దాయన మొత్తం విన్నారు.

"అయితే మా అమ్మ చెప్పిందే నిజం" అన్నారు.

"అవును. తప్పు నాది. చదవకుండా చెప్పాను. క్షమించండి."

ఆయన చాలాసేపు బల్ల అంచుని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నారు. వడ్రంగి పని చేసినవాళ్ల చేతికి అదొక అలవాటు.

"రాయి సంగతి ఏముంది, ఫోన్ చేసి ఆపుతాను. మా అక్క సంగతి ఏం చేయను? ఆ హోమ్‌లో నర్సుల దగ్గర్నుంచి వంటవాళ్ల దాకా అందరికీ చెప్పుకుందట, మా తాత గెలిచాడని. తొంభై రెండేళ్ల మనిషి." నా వైపు తిరిగి అన్నారు. "ఆదివారం వెళ్తున్నాను. నువ్వూ రా. చెప్పింది నువ్వే కాబట్టి, కాదని చెప్పాల్సింది కూడా నువ్వే."

అందులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆదివారం నా కార్‌లోనే వెళ్లాం. అరగంట దారి. హోమ్‌లో ఆవిడ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. చిన్న మనిషి, చిక్కిన చేతులు, చురుకైన కళ్లు. నన్ను చూడగానే, "ఓ, లెక్కలాయన వచ్చాడా!" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఇతను నీకొకటి చెప్పాలట" అన్నారు పెద్దాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ.

నేను చెప్పాను. రైల్లో కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఆ రోజుల్లో బిహైండ్‌కి పాయింటు లేదనీ, నేను ఇప్పటి రూలుని అప్పటి ఆటకి పెట్టాననీ, ఆట సమానంగానే ముగిసిందనీ, మీ తాత గెలవలేదనీ చెప్పాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, "తెలుసు" అంది.

పెద్దాయన కిటికీ నుంచి ఇటు తిరిగారు.

"తెలుసు నాయనా. ఆయన పోయేనాటికి నాకు పదేళ్లు. మా పెరట్లో బట్టలారేసుకోవడానికి రెండు ఇనప స్తంభాలుండేవి. రోజూ సాయంత్రం పాత మేజోళ్లు ఉండచుట్టి బంతి చేసేవాడు. మడమతో నేలలో గుంట చేసేవాడు. గుంటలు చేయొద్దని అమ్మమ్మ కిటికీలోంచి తిట్టేది. ఆయన బంతి పెట్టి, వెనక్కి నడిచి, వచ్చి తన్నేవాడు. ఎటు గురిపెట్టేవాడో తెలుసా? రెండు స్తంభాల మధ్యకి కాదు. స్తంభానికే. మధ్య నుంచి ఎవడైనా తన్నుతాడు, స్తంభానికి కొట్టడం కష్టం అనేవాడు. తగిలిందా, ఇదిగో, ఇలా వేలెత్తేవాడు." ఆవిడ చూపుడువేలు ఎత్తి చూపించింది. "ఒకటి! గెలిచాం! అని అరిచేవాడు. నేనూ అరిచేదాన్ని."

"అదెప్పుడు..." అన్నారు పెద్దాయన.

"ఆయన ఇక్కడికొచ్చిన కొన్నేళ్లకి అక్కణ్నుంచి ఉత్తరం వచ్చిందట. పాత జట్టువాడెవడో రాశాడు. ఇక్కడ రూలు మార్చేశారురా, ఇప్పుడు స్తంభానికి తగిలితే ఒకటి ఇస్తున్నారు అని. అది చదివి రోజంతా నవ్వుతూనే ఉన్నాడట. అమ్మమ్మ దగ్గరికి వెళ్లి, అయితే ఆ ఆట మనమే గెలిచాం అన్నాడట. అమ్మమ్మ చేతిలో ఉన్న పిండిముద్ద విసిరికొట్టింది. ఈ కథ ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు."

"నాకెందుకు చెప్పలేదు ఇన్నేళ్లూ?"

"నువ్వు అడిగావా? అమ్మ చెప్పిందే పట్టుకుని కూర్చున్నావు. అమ్మకి ఆయన ఆ నవ్వడం నచ్చేది కాదు. సిగ్గుపడాల్సిన చోట నవ్వుతాడేంటని. ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు. సిగ్గంతా అమ్మమ్మదీ, అమ్మదీ, తర్వాత నీదీను." ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు ఒక్క పాయింటుతో గెలిచాడని లెక్కతేల్చినప్పుడు నాకు నవ్వాగలేదు. అచ్చం ఆయనే ఫోన్ చేసినట్టుంది. ఎనభై రెండేళ్ల తర్వాత ఆయన మాట మళ్లీ విన్నాను. ఈ హోమ్‌లో అందరికీ చెప్పింది అందుకే."

నేను చేసిన తప్పు నాకంటే ముందు ఆయనే చేశాడన్నమాట. పాత ఆటకి కొత్త రూలు పెట్టి గెలిచానన్నాడు. తేడా ఒక్కటే. ఆయన తెలిసి చేశాడు.

పెద్దాయన అక్క కుర్చీ పక్కన నేల మీదే కూర్చున్నారు, ఆ వయసులో. ఆ గుంటలు ఎంత లోతుండేవి, మేజోళ్లు ఎవరివి, ఆయన పొడగరా, పొట్టివాడా అని ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఆవిడ చెబుతూనే ఉంది. నేను బయటికి వచ్చి కార్‌లో కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో విడమరిచి చెప్పలేను, వచ్చింది.

కొత్త వాక్యం ఆవిడే చెప్పింది. రాయి చెక్కేవాడికి పంపే ముందు పెద్దాయన ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. "నువ్వు చూసి సరేనంటేనే పంపిస్తాను" అన్నారు. రెండే ముక్కలు. పోస్టుకి తగిలింది. ఒకటి.

నేను నా అలవాటు కొద్దీ చూశాను. మొదటిది జరిగిన సంగతి. రెండోది తర్వాత వచ్చిన రూలు. రెండూ ఒకే రాయి మీద ఉండకూడదు. మా ఆఫీసులో ఎవరైనా ఇలా తెస్తే వెనక్కి పంపిస్తాను, పంపిస్తూ ఒక క్లాసు కూడా పీకుతాను.

"సరిగ్గా ఉంది" అన్నాను.

మే చివర్లో ఆవిణ్ని కుర్చీతో సహా తీసుకుని సమాధి దగ్గరికి వెళ్లాం. మా ఆవిడ కూడా వస్తానంది, వచ్చింది. గడ్డి మెత్తగా ఉండడంతో చక్రాలు దిగబడితే నేనూ మా ఆవిడా చెరోవైపు పట్టుకుని నడిపించాం. అక్షరాలు కొత్తవి కావడంతో పేరు కంటే తెల్లగా ఉన్నాయి. పెద్దాయన అక్క ఆ రెండు ముక్కలూ చదువుకుంది. తర్వాత చూపుడువేలు ఎత్తింది.

"ఒకటి!" అంది, ఆ నిశ్శబ్దంలో గట్టిగా.

క్రికెట్ చూసి పెరిగినవాణ్ని, వేలెత్తితే నాకు ఔటే గుర్తొస్తుంది. నేను ఇంకా అదే ఆలోచిస్తుండగా పెద్దాయన టోపీ తీశారు. మొహం కూడా గుర్తులేని ఆ తాత వైపు చూస్తూ, తనూ వేలు పైకెత్తి, "గెలిచాం" అన్నారు.